ఆ మూడు మిల్లీమీటర్లు తిరిగివ్వండి

ల్యాప్‌టాప్ ఇంకా పలుచబడాలని అడిగిందెవరు? నేను అడగలేదు. దాని మీదే బతుకు వెళ్లదీసేవాళ్లలో నాకు తెలిసిన ఒక్కరూ అడగలేదు. లెక్చరర్లు బరువు తగ్గించమన్నారు. డీటీపీ చేసేవాళ్లు అక్షరం స్పష్టంగా కనపడాలన్నారు. ఆడిటర్లు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు తమ దగ్గరున్న పరికరం పెట్టగానే పనిచేయాలన్నారు. పెళ్లి ఫొటోలు తీసే కుర్రాళ్లు కెమెరా కార్డు పెట్టుకునే చోటు ఉండాలన్నారు. ఛార్జింగు సాయంత్రం దాకా ఆగాలని అందరూ అడిగారు. ఇన్ని కోరికల్లో మందం అన్న మాట ఎక్కడా లేదు. అయినా పదిహేనేళ్లకు పైగా కంపెనీలు మనకు చెబుతున్నది మందం తగ్గిన కథే. తగ్గించిన ప్రతి మిల్లీమీటరునూ మన పోర్టుల్లోంచి, బ్యాటరీలోంచి, కీబోర్డులోంచి కోసుకున్నారు. కోసుకుని, ఆ కోతకే కొత్త మోడల్ అని పేరు పెట్టి ఎక్కువ ధరకు మనకే అమ్మారు.

2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద స్టీవ్ జాబ్స్ ఒక ఆఫీసు కవరు చేతిలోకి తీసుకుని, అందులోంచి మాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి లాగాడు. మందంగా ఉన్న చోట 1.94 సెంటీమీటర్లు, అంచు దగ్గర 0.4. అందరికీ గుర్తున్నది ఆ అంచే. ఆ యంత్రానికి ఒకే ఒక్క యూఎస్‌బీ పోర్టు ఉందని, నెట్ కేబుల్ పెట్టుకునే చోటే లేదని, బ్యాటరీ పాడైతే మన చేత్తో మార్చుకోలేమని చాలామంది మర్చిపోయారు. ఆ కవరు ప్రపంచంలోని తయారీదారులందరికీ పరీక్ష పేపరు అయిపోయింది. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అనే పేరు పుట్టించి, మందానికి మిల్లీమీటర్లలో హద్దు గీసింది: చిన్న తెరలకు 18, 14 అంగుళాలు, ఆపైన ఉన్నవాటికి 21. దాని కోసం 30 కోట్ల డాలర్ల నిధి కూడా పెట్టింది. ఆ పేరుతో వచ్చిన మొదటి యంత్రాల్లో చాలావాటికి తెర 1366×768 మాత్రమే. మందం విషయంలో అంత పట్టుదల చూపినవాళ్లు, మనిషి పొద్దస్తమానం కళ్లు పెట్టి చూసే తెర విషయంలో అందులో పదో వంతు చూపించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మందం తగ్గించడమంటే ఏం పోగొట్టుకోవడమో పక్కాగా తేలింది 2016లో. ఆపిల్ వారి 13 అంగుళాల మాక్‌బుక్ ప్రో 2015లో 18 మిల్లీమీటర్లు. 2016 అక్టోబరులో ప్రకటించిన టచ్ బార్ మోడల్ 14.9. తేడా మూడు మిల్లీమీటర్ల చిల్లర. దాని కోసం పాత యూఎస్‌బీ (టైప్-ఏ) పోర్టులు రెండూ పోయాయి. హెచ్‌డీఎంఐ పోయింది. ఎస్‌డీ కార్డు పెట్టే సందు పోయింది. ఎవరి కాలో వైరుకు తగిలితే ఛార్జర్ మాత్రం ఊడివచ్చి, యంత్రం బల్ల మీదే ఉండేలా కాపాడిన అయస్కాంతపు పిన్ను పోయింది. 74.9 వాట్-అవర్ల బ్యాటరీ 49.2కు పడిపోయింది, అంటే మూడో వంతు మాయం. తెర సంగతి చూడండి: అంతకుముందూ 2560×1600, ఆ తర్వాతా 2560×1600. ఇంత పోగొట్టుకుని తెర మీద ఒక్క చుక్క కూడా అదనంగా రాలేదు.

దీనికి కంపెనీ దగ్గర ఒక జవాబుంది. చిన్న బ్యాటరీతో కూడా పాత మోడల్ లాగే పది గంటలు వస్తుందని, లోపలి భాగాలు కరెంటు తక్కువ తాగుతాయని. ఒప్పుకుంటాను, ఆ భాగాలు మెరుగయ్యాయి. కానీ ఆ మెరుగు వల్ల మిగిలిన కరెంటు ఎవరిది? డబ్బు పెట్టి కొన్నవాడిది. పాత బ్యాటరీనే ఉంచి ఉంటే అదే లెక్కన పదిహేను గంటలు వచ్చేవి. పొద్దున ఏడింటికి ఇంట్లో బయల్దేరి రాత్రి పదికి చేరే మనిషికి ఛార్జర్ సంచీలో పెట్టుకునే అవసరమే ఉండేది కాదు. ఆ ఐదు గంటలూ తీసుకెళ్లి ప్రకటనలో పక్కనుంచి తీసిన ఫొటోకి ధారపోశారు.

కార్డు సందు ఎందుకు తీసేశారని అడిగితే, అప్పటి ఆపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ ఒక పత్రికకు చెప్పిన కారణాల్లో రెండు చూడండి. కార్డు సగం బయటికి పొడుచుకొచ్చి ఎబ్బెట్టుగా ఉంటుందని ఒకటి. ఇప్పుడు చాలా కెమెరాలు వైర్‌లెస్‌గా ఫొటోలు పంపుతున్నాయని రెండోది. ఈ మాట మన పెళ్లిళ్ల దగ్గర చెప్పి చూడండి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, తెల్లారకముందే అప్పగింతలు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, నిండిపోయిన నాలుగైదు కార్డులు. మధ్యలో దొరికిన పావుగంటలో విడిది గది మూలన కూర్చుని ఆ కార్డులన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, మళ్లీ మండపంలోకి పరుగెత్తాలి. ఒక్కో రా ఫైలు ఇరవై ముప్ఫై ఎంబీలు. వందల ఫొటోలు గాల్లో పంపుతూ కూర్చుంటే అమ్మాయి అత్తారింటికి చేరిపోతుంది, ఫొటోలు కెమెరాలోనే ఉంటాయి. ఆ కుర్రాడికి కార్డు పొడుచుకు రావడం ఎబ్బెట్టు కాదు, కార్డు పెట్టడానికి చోటు లేకపోవడం నష్టం.

పోయిన పోర్టుల బదులు విడిగా కొని తగిలించుకోవాల్సిన డాంగిళ్ల మీద గోల లేచింది. వారం తిరిగేసరికి ఆపిల్ ఆ ఏడాది చివరి దాకా వాటి ధరలు తగ్గించింది. ఐదేళ్ల తర్వాత, 2021 అక్టోబరులో వచ్చిన 14 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ తిరిగొచ్చింది, ఎస్‌డీ సందు తిరిగొచ్చింది, అయస్కాంతపు ఛార్జర్ తిరిగొచ్చింది, బ్యాటరీ దాదాపు 70 వాట్-అవర్లకు పెరిగింది. తెర 3024×1964కి ఎదిగింది. ఇన్ని వచ్చినా మందం 15.5 మిల్లీమీటర్లు. 2016 మోడల్ కంటే 0.6 ఎక్కువ. ప్రింటర్‌లో పెట్టుకునే మామూలు కాగితాలు ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎంతో అంత. ఐదేళ్లపాటు ప్రపంచం నిండా ఫొటోగ్రాఫర్లను, ఎడిటర్లను, టీచర్లను డాంగిళ్లు మోసుకు తిరిగేలా చేసింది ఆ ఆరు కాగితాల మందమేనా? పాత యూఎస్‌బీ మాత్రం అప్పుడూ తిరిగిరాలేదు, అది వేరే కోపం.

చోటు సరిపోదన్న మాట అబద్ధమని చెప్పడానికి ఇంకో యంత్రాన్ని చూపిస్తాను. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్, 2021లో వచ్చిన తొమ్మిదో తరం. మందం 15 మిల్లీమీటర్లకు లోపే. బరువు 1.13 కిలోల నుంచి మొదలు. దానికి పాత యూఎస్‌బీలు రెండు, హెచ్‌డీఎంఐ ఒకటి, కొత్త థండర్‌బోల్ట్ పోర్టులు రెండు, హెడ్‌ఫోన్ పిన్ను ఉన్నాయి. తెర 14 అంగుళాలు, ఎత్తు ఎక్కువుండే 16:10. పాత యూఎస్‌బీ పిన్ను ఎత్తు నాలుగున్నర మిల్లీమీటర్లు, హెచ్‌డీఎంఐ కూడా దాదాపు అంతే. పదిహేను మిల్లీమీటర్ల యంత్రంలో వాటికి చోటు ఇరుకే, ఒప్పుకుంటాను, ఇంజనీర్లు కష్టపడాలి. ఒక కంపెనీ ఇంజనీర్లు కష్టపడి సాధించింది ఇంకో కంపెనీకి అసాధ్యం ఎలా అవుతుంది? 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13లో రెండే రెండు టైప్-సీ పోర్టులు మిగిల్చి, హెడ్‌ఫోన్ పిన్ను కూడా పీకేసింది. ఆ రంధ్రం మూడున్నర మిల్లీమీటర్లు. అదీ అడ్డమైందంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

బరువునూ మందాన్నీ కలిపేసి చూపించడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద మోసం. భుజానికి తెలిసేది బరువు. బస్సులో నిలబడి గంటన్నర ప్రయాణం చేసేవాడి వీపుకు తెలిసేది బరువు. సంచీలో రికార్డు పుస్తకాలు, టిఫిన్ బాక్సు, నీళ్ల బాటిల్ ఉండగా ల్యాప్‌టాప్ మూడు మిల్లీమీటర్లు ఎక్కువా తక్కువా అన్నది ఎవరికీ తెలియదు. జపాన్‌లో పానసోనిక్ వాళ్లు లెట్స్ నోట్ అని ఆఫీసు పనికి వాడే ల్యాప్‌టాప్‌లు దశాబ్దాలుగా చేస్తున్నారు. అందులో ఎస్‌వీ వరస చూడండి. మందం రెండున్నర సెంటీమీటర్లకు దగ్గర, బరువు మాత్రం కిలో అటూ ఇటూ. మూడు పాత యూఎస్‌బీలు, నెట్ కేబుల్ పోర్టు, హెచ్‌డీఎంఐ, పాత ప్రొజెక్టర్లకు వీజీఏ, ఎస్‌డీ సందు. తెర 12.1 అంగుళాలే అయినా 1920×1200. అందానికి బహుమతి రాదు దానికి. టోక్యో ఉద్యోగి దాన్ని రైల్లో మోసుకెళ్లి, ఏ ఊళ్లో ఏ సమావేశపు గదిలో కూర్చున్నా, ఎవరినీ ఏమీ అరువడగకుండా పని చేసుకుంటాడు. పలుచగా చేయకుండానే తేలిగ్గా చేయొచ్చని అంతకంటే రుజువేం కావాలి?

పోర్టు పాతబడింది కాబట్టి తీసేశాం అంటారు. పాతబడింది నీ యంత్రంలో. ఆ పోర్టుకు అవతలి కొన పట్టుకుని ఉన్నది ఎవరి ఆస్తి? ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు ఊహించుకోండి. పై కప్పుకు ప్రొజెక్టర్ బిగించి ఉంటుంది. అక్కడి నుంచి గోడ వెంబడి పైపులో దిగిన వీజీఏ కేబుల్, నీలం తల, పదిహేను పిన్నులు, ఇటూ అటూ రెండు మరలు, పోడియం అంచుకు టేపుతో అతికించి ఉంటుంది. ఆ వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2తో వచ్చింది. 2015 నాటికి దాన్ని వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ, లెనోవో, డెల్ లాంటి పెద్దలు 2010లోనే ప్రకటించారు. ప్రకటించిన వాళ్లు మన కాలేజీకి కొత్త ప్రొజెక్టర్ పంపలేదు. గోడ పగలగొట్టి కొత్త కేబుల్ వేయడానికి ప్రిన్సిపాల్ దగ్గర గ్రాంటు లేదు.

అలాంటి ఒక హాల్లో నేను చూశాను. విశ్వవిద్యాలయం నుంచి ప్రసంగించడానికి వచ్చిన మేడం మెరిసిపోయే పలుచటి ల్యాప్‌టాప్ తెచ్చారు. తాళపత్ర ప్రతుల మీద నెలల తరబడి తయారుచేసుకున్న స్లైడ్లు. రెండు టైప్-సీ రంధ్రాలు తప్ప దానికి ఏమీ లేవు. "కన్వర్టర్ ఎవరి దగ్గరైనా ఉందా అండీ?" అని మైకులో అడిగారు. ఒక కుర్రాణ్ని బజారుకు తరిమారు. ముప్పావుగంట గడిచింది. చివరికి ఆఫీసు గదిలోని పాత ల్యాప్‌టాప్ తెచ్చి, ఎవరి ఫోన్‌లోంచో ఫైలు అందులోకి పంపి, తెర మీద వేశారు. ఆవిడ వాడిన తెలుగు ఫాంటు ఆ యంత్రంలో లేదు. పద్యాలన్నీ గళ్లు గళ్లుగా కనపడ్డాయి. ఆవిడ తెర వైపు చూడకుండా నోటితో చెప్పి ముగించారు. వెనక వరసల్లో పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఆ నష్టం ఏ కంపెనీ లెక్కల్లోనూ రాయరు. ఆవిడకు ముందుచూపు లేదని, ఒక డాంగిల్ కొనుక్కుని ఉండాల్సిందని అక్కడే ఇద్దరు గొణిగారు. నాకు ఒళ్లు మండింది. లక్ష రూపాయలు పెట్టి యంత్రం కొన్న మనిషిని తప్పు పట్టే దాకా మన బుర్రల్ని మార్చేశారు.

ఆడిటర్ ఆఫీసుకు వెళ్లండి. డిజిటల్ సంతకం టోకెన్లు వేలెడంత ఉంటాయి. ఒక్కో క్లయింటుది ఒక్కోటి, పేర్ల చీటీలు కట్టి డబ్బాలో పెట్టుకుంటారు. నేను చూసినవన్నీ పాత యూఎస్‌బీవే. టెండరు వేయాలన్నా, కంపెనీ రిటర్ను దాఖలు చేయాలన్నా ఆ టోకెన్ గుచ్చాల్సిందే. ఆధార్ వేలిముద్ర తీసుకునే యంత్రం సంగతీ అంతే. గడువు చివరి రోజు రాత్రి పదకొండు గంటలకు టోకెన్ గుచ్చడానికి రంధ్రం లేక, ఉన్న ఒక్క కన్వర్టర్ లూజై సర్వర్ పదే పదే టోకెన్ దొరకలేదని చెబుతుంటే ఆ జూనియర్ పడే అవస్థ ఎంతటిదో ఒక్కసారి చూసినవాళ్లకు తెలుసు.

ఉన్న ఒకటి రెండు పోర్టుల మీదే అన్ని పనులూ పడితే అవి త్వరగా అరుగుతాయి. పొద్దున ఛార్జర్, తర్వాత పెన్‌డ్రైవ్, తర్వాత మానిటర్, మళ్లీ ఛార్జర్. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఛార్జింగు పిన్ను వేరే చిన్న వైరుకు ఉండేది. అది పాడైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ల బజారుకు తీసుకెళితే మార్చి చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలావాటిలో ఆ రంధ్రాన్ని నేరుగా మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. అతుకు వదిలిందంటే చేయి తిరిగిన మెకానిక్ మైక్రోస్కోప్ కింద పెట్టి కూర్చోవాలి, లేకపోతే సర్వీస్ సెంటర్‌లో బోర్డు మార్చాలంటారు. మెమరీ అతికించారు, బ్యాటరీ జిగురుతో అంటించారు. మందం తగ్గాలంటే తప్పదన్నారు. మనం తలూపాం.

కీబోర్డు కథ ఇంకా ఘోరం. 2015లో ఆపిల్ 12 అంగుళాల మాక్‌బుక్‌తో బటర్‌ఫ్లై కీబోర్డు తెచ్చింది. పాత పద్ధతి కంటే నలభై శాతం పలుచన అని చెప్పుకుంది. ఆ మీట వేలి కింద అర మిల్లీమీటరు దిగితే గొప్ప. దాని సందులోకి ఒక దుమ్ము రేణువు దూరితే అక్షరం రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో. 2018 జూన్‌లో ఉచితంగా బాగుచేసి ఇచ్చే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 చివర్లో పాత పద్ధతికి తిరిగి వచ్చారు, యంత్రం కాస్త మందమైంది, ఎవరూ ఏడవలేదు. 2022లో అమెరికాలో కొన్నవాళ్లు వేసిన దావాలో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పలుచటి 2016 మోడళ్లలోనే తెరకు వెళ్లే సన్నటి కేబుల్ మూత తెరిచి మూసీ తెరిచి మూసీ చిరిగి, తెర అడుగున నీడల మచ్చలు పడ్డాయి. యంత్రాల్ని విప్పి చూసే ఐఫిక్సిట్ వాళ్లకు 2018 మోడల్‌లో తేలిందేమిటంటే, ఆ కేబుల్‌ను రెండు మిల్లీమీటర్లు పొడిగించారు. రెండే రెండు మిల్లీమీటర్లు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే.

ఇక తెర. ఇక్కడ నా కోపం తెలుగువాడి కోపం.

2002 ప్రాంతంలో డెల్ ఇన్‌స్పిరాన్ 8200లో 15 అంగుళాల తెర 1600×1200 దొరికేది. ల్యాప్‌టాప్ ఇటుకలా ఉండేది, ఆ సంగతి నిజమే. కానీ తెర మీద నిలువుగా 1200 వరసల చుక్కలుండేవి. పదేళ్ల తర్వాత, 2012లో, మన ఊళ్లో షాపులో అమ్మే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో ఎటు చూసినా 1366×768. నిలువుగా 768. పదేళ్లలో చిప్ ఎన్ని రెట్లు వేగమైంది, హార్డ్ డిస్కు ఎంత పెరిగింది, తెర మాత్రం నిలువులో మూడో వంతుకు పైగా కోల్పోయింది. ఎందుకు? టీవీ ఆకారంలోకి తెరల్ని మార్చుకుంటే ప్యానెల్ తయారీదారులకు లాభం కాబట్టి. మూల నుంచి మూలకు కొలిచే అంగుళాలు మారకపోయినా 16:10 కంటే 16:9 తెరకు గాజు దాదాపు ఐదు శాతం తక్కువ పడుతుంది. సినిమాలు చూసుకోవచ్చు అన్నారు. చదివేవాడికీ రాసేవాడికీ సినిమా తెర తగిలించారు.

ఆ 768 వరసల్లో విండోస్ అడుగు పట్టీ కొంత తింటుంది, బ్రౌజర్ పైభాగం కొంత తింటుంది. మిగిలిన చోట తెలుగు చదవాలి. ఇంగ్లిషుకు వరసల మధ్య ఉన్న ఎడం మనకు సరిపోదు, పైన గుడులూ కింద వత్తులూ పడాలి కదా. దాంతో ఇరవై చిల్లర పంక్తులు కనపడితే గొప్ప. పేజీ జరుపుతూ జరుపుతూ చదవాల్సిందే.

అక్షరం దగ్గరికి వెళ్దాం. 15.6 అంగుళాల మీద 1366×768 అంటే అంగుళానికి వంద చుక్కలు. 'స్త్రీ' అని రాశామనుకోండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద తవత్తు, దాన్ని చుట్టుకుంటూ రవత్తు. ఇవన్నీ కలిపి వెబ్ పేజీ మామూలు సైజులో ఇరవై చుక్కల ఎత్తు దరిదాపుల్లో ఇరికించాలి. ఇక ప్రూఫ్ దిద్దేవాళ్లకు ప్రాణసంకటం. 'అర్థం' సరైనదా 'అర్ధం' సరైనదా తేల్చాలంటే ర కింద ఉన్న చిటికెడు వత్తు కడుపులో చుక్క ఉందో లేదో చూడాలి. ఆ తెర మీద ఆ చుక్కకు ఒక పిక్సెల్ కూడా సరిగ్గా దక్కదు, బూడిద రంగు మసకగా మిగులుతుంది. బ, భల మధ్య, ద, ధల మధ్య ఉన్న ఆ కింది గీత కూడా అంతే. మనం కళ్లతో చదవడం మానేసి అలవాటుతో ఊహించుకుంటూ పోతాం, తప్పు అచ్చులోకి వెళ్లాక కనపడుతుంది.

విండోస్‌లో క్లియర్‌టైప్ ఉందిగా అనొచ్చు. అది ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడివిడిగా వాడుకుని అక్షరం అంచు నునుపు చేస్తుంది. ఆ ముక్కలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి లాభమంతా అడ్డంగానే. నిలువు కర్రలతో నిండిన ఇంగ్లిషు లిపికి అది వరం. గుండ్రటి వంపులతో, పైకీ కిందికీ అంతస్తులు కట్టే మన లిపికి కావాల్సింది నిలువులో చుక్కలు. ఆ నిలువునే కోసేశారు. రిజల్యూషన్ అనేది డబ్బున్నవాళ్ల ముచ్చట అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఇంగ్లిషు మాత్రమే చదివేవాడు తక్కువ తెరతో సర్దుకోగలడేమో. తెలుగు, కన్నడ, మలయాళం చదివే పిల్లవాడికి మంచి తెర ఇంకా ముందు కావాలి. మనకే చివర్లో ఇచ్చారు. మొన్నమొన్నటి దాకా చవక ల్యాప్‌టాప్‌లలో అదే 768 తెర పెట్టి, మూత మాత్రం పలుచగా, వెండి రంగులో చేసి స్టూడెంట్ ఎడిషన్ అని అంటగట్టారు. పైన పటారం, లోన లొటారం.

తెర చుక్కలు పెరగడానికి మందంతో పెద్దగా పని లేదన్నది గమనించండి. 2012లో రెటీనా తెర వచ్చిన 15 అంగుళాల మాక్‌బుక్ ప్రో అంతకుముందు మోడల్ కంటే పలుచగానే వచ్చింది. ఆ తెర 2880×1800. తెర అడిగేది కరెంటు. చుక్క చిన్నదయ్యే కొద్దీ దాన్ని నడిపే తీగలూ ట్రాన్సిస్టర్లూ ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, వెనక దీపం వెలుగు ముందుకు రావడం కష్టమవుతుంది, అంతే వెలుతురుకు దీపాన్ని ఎక్కువ వెలిగించాలి. చుక్కలన్నిటికీ రంగు వేసే చిప్‌కు పని పెరుగుతుంది. అంటే మంచి తెర కావాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, పెద్ద బ్యాటరీకి చోటు కావాలి. మందం తగ్గించినవాడు తెరకు అందాల్సిన కరెంటునే తగ్గించాడన్నమాట.

ఇదే కారణంతో 13 అంగుళాల తెరకు 4కె పెట్టి అమ్మడాన్ని కూడా నేను ఒప్పుకోను. అది ఇంకో రకం ప్రకటన అంకె. మామూలు చూపున్న కన్ను అరమీటరు దూరం నుంచి అంగుళానికి 175 చుక్కల దగ్గర వాటిని విడివిడిగా చూడటం మానేస్తుంది. కొంచెం ఎగువ పెట్టుకుని 200, 220 అనుకుందాం, వంపులున్న మన లిపికి ఆ పైచిల్లర పనికొస్తుంది. 14 అంగుళాల మీద 2560×1600 అంటే 216, మొత్తం 41 లక్షల చుక్కలు. 13.3 అంగుళాల మీద 4కె అంటే 331, మొత్తం 83 లక్షలు. ఆ అదనపు 42 లక్షల చుక్కల్ని కన్ను చూడదు, బ్యాటరీ మాత్రం మోస్తుంది. చవక యంత్రానికి 14 అంగుళాల మీద 1920×1200 ఇచ్చినా అంగుళానికి 160 దాటుతుంది, వత్తు కడుపులో చుక్క బతుకుతుంది. షాపులో మాత్రం అటు చూస్తే 4కె, ఇటు చూస్తే అరకొర వెలుగుతో ఓ పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడే తెర. మధ్యలో ఉండాల్సిన మంచి తెర కోసం వెతుక్కోవాలి.

టైప్-సీని నేను ద్వేషించడం లేదు. ఒకే తీగతో ఛార్జింగు, మానిటర్, డేటా రావడం గొప్ప సౌకర్యం. ఛార్జర్లన్నీ ఒకటే కావాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది, ఫోన్ల తర్వాత ల్యాప్‌టాప్‌లకూ 2026 ఏప్రిల్ గడువు పెట్టింది. మంచి పని. కానీ చవక ల్యాప్‌టాప్‌లలో ఆ రంధ్రం చూసి మురిసిపోకండి. కొన్నిట్లో దానికి మానిటర్ పెడితే బొమ్మ రాదు, కొన్నిట్లో ఛార్జర్ పెడితే ఎక్కదు. ఆకారం ఒకటే, లోపలి శక్తి వేరు, పక్కన గుర్తు కూడా సరిగ్గా వేయరు. పాత పోర్టులకు ఆ గందరగోళం లేదు, పిన్ను పట్టిందంటే పనిచేస్తుందని చిన్నపిల్లవాడికీ తెలుసు. కొత్తది రానివ్వండి, రెండు పెట్టండి, మూడు పెట్టండి. దాని పేరు చెప్పి వాడకంలో ఉన్నవాటిని పీకే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

సర్దుబాట్లు తప్పవని నాకూ తెలుసు. అన్నీ పెట్టి, తేలిగ్గా చేసి, చవగ్గా ఇమ్మంటే ఏ ఇంజనీరైనా చేతులెత్తేస్తాడు. దేన్ని వదులుకోవాలో ఎంచుకునేది ఎవరన్నదే నా తగవు. 13.5 అంగుళాల ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 2021లో వచ్చింది. పక్కలకు నాలుగు సందులుంటాయి. హెచ్‌డీఎంఐ కావాలన్నవాడు అది, పాత యూఎస్‌బీ కావాలన్నవాడు అది, చిన్న ముక్కలుగా కొనుక్కుని తనే తోసుకోవచ్చు. మందం 16 మిల్లీమీటర్ల లోపే, తెర 2256×1504, మెమరీ, బ్యాటరీ స్క్రూడ్రైవర్‌తో మనమే మార్చుకోవచ్చు. కొత్తగా మొదలైన చిన్న కంపెనీ చేసి చూపించింది ఇది. వేల మంది ఇంజనీర్లున్న పెద్దవాళ్లకు చేత కాదంటే నమ్మను, చేయదలుచుకోలేదంతే.

కాబట్టి కొనే చేతులే గట్టిగా అడగాలి. కాలేజీలకు, పంచాయతీ ఆఫీసులకు, ప్రభుత్వ శాఖలకు ల్యాప్‌టాప్‌లు కొనేటప్పుడు కొటేషన్లలో ప్రాసెసర్ తరం, మెమరీ, డిస్కు రాస్తారు. తెర దగ్గరికొచ్చేసరికి అంగుళాలు రాసి వదిలేస్తారు. అక్కడ రాయండి: 16:10 తెర, 1920×1200కు తగ్గకూడదు, వెలుతురు మూడు వందల నిట్లకు తగ్గకూడదు. పాత యూఎస్‌బీ కనీసం రెండు, పూర్తి సైజు హెచ్‌డీఎంఐ ఒకటి, నెట్ కేబుల్ పోర్టు ఒకటి, హెడ్‌ఫోన్ పిన్ను, టైప్-సీ రెండు, ఆ రెండూ ఛార్జింగుకూ మానిటర్‌కూ పనికిరావాలి. మెమరీ మార్చుకునేలా ఉండాలి. బ్యాటరీ 60 వాట్-అవర్లు. బరువు కిలోన్నర దాటకూడదు. మందం ఇరవై మిల్లీమీటర్ల దాకా మాకు అభ్యంతరం లేదని ప్రత్యేకంగా ఒక వరస రాయండి, ఎందుకంటే ఆ వరస వాళ్లు ఇంతవరకూ ఏ కొటేషన్‌లోనూ చదివి ఉండరు. సేల్స్‌మన్ వచ్చి డాంగిల్ ఉచితంగా ఇస్తామంటే వద్దని పంపేయండి. యాభై యంత్రాలకు యాభై డాంగిళ్లు ఆర్నెల్లలో ఎక్కడికి పోతాయో స్టోర్ రిజిస్టరు రాసే గుమస్తాను అడగండి, ఆయన చెబుతాడు.